ఎర్రతొట్టి దగ్గర నీలయ్య

"ఏదీ, చేతులు చూపించు."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. భార్య తడిచేతులు గుడ్డకు తుడుచుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. అతను అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు, బడిలో గోళ్ళు చూపించే పిల్లవాడిలా రెండు అరచేతులూ చాచి. పొద్దుటి వెలుగు ఆ కిటికీలోంచి తిన్నగా పడుతుంది. ఇంట్లో వేరే ఎక్కడ చూసినా రంగు సరిగ్గా తెలియదు. ఆమె అతని వేళ్ళు పట్టుకుని, చర్మం కాస్త సాగదీసి, గీతల మీదుగా చూపు నడిపింది. లేత ఎరుపు. బొటనవేలి కింది గుబ్బ దగ్గర కొంచెం ముదురు, మధ్యలో పలచన. ఆరోగ్యంగా ఉన్న మనిషి చెయ్యి ఎలా ఉండాలో అలాగే ఉంది.

"బాగున్నాయి," అంది. ఆ మాటతో పాటు ఆమె బిగబట్టిన ఊపిరి కూడా బయటికి వచ్చింది.

"బాగుండక ఎక్కడికి పోతాయే? నీవి చూపించు."

"నావేం చూస్తావు, గచ్చు రుద్దే చేతులు."

అయినా చూపించింది. ఆమె చూసిన దానికంటే ఎక్కువసేపు చూశాడు అతను. బొటనవేలితో ఒకసారి నొక్కి వదిలాడు. నొక్కిన చోట తెల్లటి మచ్చ పడింది. మరుక్షణం లోపలి నుంచి ఎరుపు ఉరికి వచ్చి ఆ మచ్చను పూడ్చేసింది. అదీ అసలు రంగు. అతను దాన్ని కళ్ళలోకి ఎక్కించుకున్నాడు. సాయంత్రం దానితో పని ఉంది.

ఆమె మాత్రం అతని చేతిని ఎన్నడూ నొక్కి చూడలేదు. చూడమని చెప్పిందే తప్ప నొక్కమని చెప్పలేదు ఆస్పత్రి నర్సమ్మ. అరచేతులు చూసే ఆ కళ్ళు ముఖం దాకా ఎందుకు రావో, వచ్చినా ఎందుకు నిలవవో అతనికి అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. మనిషి భయపడినప్పుడు చూడమన్న చోటే చూస్తాడు. అతను కూడా ఆ కళ్ళ వెంట ఎక్కువ దూరం వెళ్ళేవాడు కాదు.

ఆమె డబ్బా తెరిచి ఒక మాత్ర అతని చేతిలో పెట్టింది. అతను ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఒకేసారి నోట్లో వేసుకుని ఒకే గ్లాసులో నీళ్ళు తాగారు.

పొద్దున ఇంట్లో, సాయంత్రం షెడ్డు గేటు దగ్గర, ఇలా కలిసి వేసుకునే పద్ధతి ఆమె పెట్టింది. ఇద్దరి రక్తంలోనూ ఆ జబ్బు ఉందని బయటపడిన రోజుల్లో ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఎలా వచ్చిందని అడగలేదు. అడిగితే చెప్పడానికి అతను ఒక జవాబు సిద్ధం చేసుకున్నాడు. పెళ్ళికి ముందు వేరే ఊరి అద్దకపు షెడ్డులో పనిచేసిన ఒంటరి రోజుల సంగతి అది. ఆమె అడగకపోవడంతో ఆ జవాబు అతని లోపలే ఉండిపోయి రాయి అయింది. మాత్ర అరచేతిలో పెట్టుకుని మంచం పక్కన కూర్చునేవాడు. చెమటకు అది మెత్తబడేది. "నాకెందుకు, నువ్వేసుకుని నువ్వు బతుకు," అనేది ఆమె గోడతో. చివరికి ఒక రోజు లేచి కూర్చుంది. "సరే, వేసుకుంటా. కానీ ఇద్దరం కలిసే. నువ్వు ఆపిన రోజు నేనూ ఆపేస్తా. నన్ను ఒంటరిగా బతికించాలని చూడకు," అంది.

అతను ఒప్పుకున్నాడు. అంటించిన చేత్తోనే మందు పెట్టే వరం దొరికింది, ఇంకేం కావాలి అనుకున్నాడు. ఆమెకు మందు పట్టింది. బుగ్గలు నిండాయి, మెట్లెక్కి దిగుతూ పక్కింటావిడతో పోట్లాడే ఓపిక కూడా వచ్చింది. అతనికి మాత్రం కొన్నాళ్ళకే ఊపిరి పొట్టిదైంది.

షెడ్డుకు నడిచి వెళ్ళే దారి మారలేదు. దారి పొడుగు పెరిగింది. పాత సామాన్ల కొట్టు దగ్గర ఆగి అద్దంలోంచి గడియారాలు చూస్తాడు. నీళ్ళ కొళాయి దగ్గర ఆగి చెప్పు సరిచేసుకుంటాడు. ఎక్కడ ఆగినా ఆగడానికి ఒక కారణం ఉండాలి. ఊరికే ఆగిన మనిషిని లోకం పరామర్శిస్తుంది. చెవుల్లో ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు మోత. గుండె గొంతు దగ్గరికి వచ్చి కొట్టుకునేది. ఇవాళ గడియారాల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. కొట్టువాడు బయటికి వచ్చి, "ఏం నీలయ్యా, ఇన్ని రోజుల్నుంచి చూస్తున్నావు, ఒక్కటైనా నచ్చలేదా?" అన్నాడు.

"అన్నీ తొందరపడుతున్నాయి," అన్నాడు అతను.

నీలయ్య అతని పేరు కాదు. వయసంతా నీలం తొట్టి దగ్గర గడిపాడు. మోచేతుల దాకా నీలం, గోళ్ళ సందుల్లో నీలం. తొడుగులు అడిగితే అప్పటి మేస్త్రీ నవ్వేవాడు. పెళ్ళిలో ఆమె పట్టుకున్నది నీలం చెయ్యే. అందుకే కిందటి చలికాలంలో ఎర్రతొట్టికి మారినా పేరు మారలేదు. కొత్త మేస్త్రీ ఆశ్చర్యపోయాడు: "నీలంలో ముక్కుదాకా మునిగినవాడివి, ఎరుపు దగ్గరికి ఎందుకయ్యా?" "ముసలితనంలోనైనా రంగు మారుద్దామని," అన్నాడు. అందరూ నవ్వారు. జీవితంలో అతను నోరు తెరిచి అడిగి సంపాదించుకున్నది అదొక్కటే.

అడగడానికి కారణం ఆస్పత్రి బెంచీ మీద మొదలైంది. అక్కడ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పక్కన కూర్చునేవాడు, గట్టిగా దగ్గి, మెల్లగా మాట్లాడేవాడు. ఒకసారి ఆయన ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. "ఈ మాత్ర ఎముకల్లో రక్తం పుట్టేచోటే ఎండగొడుతుందట తమ్ముడూ, కొందరికి. నాకు ఆపేశారు," అన్నాడు. అంతలో ఆయన్ని లోపలికి పిలిచారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా బెంచీ మీద ఆ చోటు ఖాళీగానే ఉంది. రక్తం తగ్గితే మందు ఆపుతారు, మందు ఆపితే మనిషి పోతాడు. నీలయ్య అంతవరకే అర్థం చేసుకున్నాడు. ఇంకొక్క ప్రశ్న ఎవరినీ అడగలేదు. అడిగితే తన రంగు బయటపడుతుంది. తనకు ఆపితే ఆమె కూడా ఆపేస్తుంది. నిండుగా, ఎర్రగా, పోట్లాడుతూ తిరిగే ఆ మనిషి మళ్ళీ గోడవైపు తిరుగుతుంది.

రెండు మూడుసార్లు అలా చూశాక ఆస్పత్రికి వెళ్ళడమే మానేశాడు. పని ఒత్తిడి అని చెప్పి ఇద్దరి మందులూ ఆమెతోనే తెప్పించాడు. నర్సమ్మ ఊరుకోలేదు. "రక్తం పరీక్షకు రమ్మను. రానంటే నువ్వే అరచేతులు చూస్తూ ఉండమ్మా. తెల్లబడితే లాక్కొచ్చెయ్," అని చెప్పి పంపింది. ఆ మాట ఆమె వచ్చి చెప్పిన మర్నాడే అతను మేస్త్రీని ఎర్రతొట్టి అడిగాడు. ఇంట్లో మాత్రం ఇలా చెప్పాడు: "అక్కడ అందరికీ రబ్బరు తొడుగులిస్తారే. ఇక రంగు చేతికి అంటదు." ఆ మాట నిజమే. తొడుగులిచ్చారు. రోజులు గడిచేకొద్దీ నీలం వెలిసిపోయింది. దాని అడుగు నుంచి లేత ఎరుపు తేలింది. గోళ్ళలో మిగిలిన నల్లటి చారలు కూడా మాత్ర చేసే పనేనని వాళ్ళిద్దరికీ తెలియదు. పాత నీలమే అనుకున్నారు. ఆమె ఆ చేతుల్ని చెంపలకు ఆనించుకుంది. "ఇన్నేళ్ళ కాపురంలో నీ చేతుల అసలు రంగు ఇప్పుడు చూశా," అంది.

ఆ ఒక్కసారి మాత్రం నిజం చెప్పేయాలనిపించింది. చెప్పలేకపోయాడు. ఆమె చెంపలు వెచ్చగా ఉన్నాయి.

షెడ్డులో ఆవిరి పట్టేసి ఉంది. తొట్టికి అటు ఒకడు, ఇటు ఒకడు నిలబడి, కర్రలకు వేలాడే నూలు చుట్టల్ని, చిలపల్ని, ఒకేసారి ఎత్తి, తిప్పి, ముంచాలి. అవతల నిలబడే జోడీని అందరూ డప్పు అంటారు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. రాత్రి పెళ్ళాంతో పడ్డ తగువు పొద్దున షెడ్డంతటికీ తెలుస్తుంది.

"ఎత్తు బావా! అబ్బ, నీ వైపు కర్ర లేవదేం? నిన్న రాత్రి వదిన అన్నం పెట్టలేదా?"

"పెట్టింది. నువ్వు మాటలు తగ్గిస్తే కర్ర తేలికవుతుంది."

"నా మాటలకి బరువుందని ఒప్పుకున్నావు, చాలు."

నోటితో ఎంత వాగినా డప్పు కర్రను తనవైపు ఎక్కువగా లాక్కుని బరువు మోస్తున్నాడని నీలయ్యకు తెలుసు. ఈ మధ్య రోజూ మోస్తున్నాడు. ఊరంతా చాటే మనిషి ఆ ఒక్క సంగతి ఎవరికీ చాటలేదు.

మధ్యాహ్నం గంట కొట్టకముందు నీలయ్య రోజూ చేసే పని చేశాడు. వాడేసి నీరసపడిన రంగునీళ్ళు ఒక చిన్న రేకు తట్టలోకి తీసి, మంచినీళ్ళు కలిపి, కొంచెం ఉప్పు వేసి, కిటికీ కింద మూలన పెట్టాడు. వేలితో ఒక చుక్క తీసి తెల్ల నూలు మీద అద్ది, వెలుగుకు పట్టుకుని చూశాడు. పొద్దున నొక్కి వదిలిన ఆమె అరచేతిని గుర్తు తెచ్చుకున్నాడు. ఇంకో చెంబుడు నీళ్ళు పోశాడు. ఇప్పుడు సరిపోయింది. సాయంత్రం అందరూ కడుక్కోవడానికి వెళ్ళాక తొడుగులు తీసి అందులో చేతులు ముంచి కూర్చుంటాడు. ఎక్కువసేపు ఉంచితే రంగని తెలిసిపోతుంది, తక్కువసేపు ఉంచితే చెమటకు పోతుంది. నీలంలో ఎన్నో ఛాయలు తీశాడు గానీ ఇంత కష్టమైన ఛాయ ఎవరూ అతనికి ఇవ్వలేదు.

మధ్యాహ్నం అన్నం సగం తిని డబ్బా మూసి, గాలి కోసం వెనక గేటు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చిక్కుపడ్డ నూలు మూటలు కట్టి అమ్ముతారు. యంత్రాలు తుడవడానికి పట్టుకుపోతుంటారు. ఎవరో మూట భుజానికెత్తుకుంటూ గట్టిగా దగ్గారు. ఆ దగ్గు నీలయ్యకు తెలుసు. తిరిగి చూస్తే టోపీ.

అతను గోడ పట్టుకున్నాడు. "పెద్దాయనా... నువ్వేనా?"

"ఎవరూ? ఓహో, బెంచీ తమ్ముడు! ఏంటయ్యా, దయ్యాన్ని చూసినట్టు చూస్తావు?"

"నువ్వు... నేను..."

"పోయాననుకున్నావా?" పెద్దాయన మూట దించి నవ్వాడు. బుగ్గలు గట్టిగా ఉన్నాయి, కళ్ళలో తడి ఉంది. "చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నావి చూడు, మామూలుగానే ఉన్నాయి. ఈ పక్క వీధి యంత్రాల షెడ్డులో చేరాన్లే."

నీలయ్య దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు. "మందు ఆపేశారన్నావు కదా?"

పెద్దాయన కూడా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆపడమంటే పూర్తిగా కాదయ్యా. ఆ మాత్రలో మూడు మందులుంటాయట. అందులో ఒకటి నాకు పడలేదు. అది తీసేసి దాని బదులు వేరేది పెట్టారు. రక్తం ఎక్కించారు కూడా. నెల తిరిగేసరికి మనిషినయ్యా. నేను వెళ్ళే రోజు మార్చారు, అందుకే నీకు కనబడలేదు."

"అంతేనా?"

"అంతే. ఇంకేముంటుంది?"

నీలయ్య వీధి వైపు తిరిగాడు. గేటు కమ్మీల అవతల ఒక ఆవిడ దుప్పట్లు దులుపుతోంది. ఇన్ని నెలలు అతను ఒక గోడను భుజంతో ఆపుకుంటూ నిలబడ్డాడు, అది పడితే ఆమె మీద పడుతుందని. ఇప్పుడొకడు వచ్చి అక్కడ గోడే లేదంటున్నాడు. భుజం మాత్రం ఇంకా నొప్పిగానే ఉంది.

పెద్దాయన అతని ముఖంలోకి పరీక్షగా చూశాడు. నవ్వు ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని అరచేయి తిప్పాడు, ఎర్రగా ఉంది. కింది కనురెప్ప లాగి చూశాడు, పాలిపోయి ఉంది. మళ్ళీ అరచేయి చూశాడు.

"ఒరే పిచ్చివాడా," అన్నాడు మెల్లగా. "ఏం చేశావురా నువ్వు? పద, ఇప్పుడే ఆస్పత్రికి పోదాం."

"సాయంత్రం మా ఆవిడ గేటు దగ్గరికి వస్తుంది పెద్దాయనా. ముందు దానికి చెప్పాలి. చెప్పి ఇద్దరం కలిసే వెళ్తాం. అన్నీ కలిసే చేస్తామని మాట."

"రేపటికి వాయిదా వేశావంటే చూడు."

"వెయ్యను," అన్నాడు నీలయ్య. చాలాకాలం తర్వాత అతనికి నవ్వొచ్చింది.

లోపలికి వచ్చి, పాడైన రంగు తీయడానికి వాడే పొడిని నీళ్ళలో కలిపి చేతులు కడుక్కున్నాడు. వేళ్ళ మీద నుంచి ఎరుపు విరిగి, పసుపై, ఏమీ లేనిదై జారిపోయింది. అరచేతులు తేలాయి. వాటిని అతను కూడా చాలాకాలంగా చూడలేదు. అద్దకానికి రాని పచ్చినూలులా ఉన్నాయి. గీతల్లో కూడా ఎరుపు లేదు. భయం వేయలేదు. వీటిని ఇలాగే ఆమెకు చూపించాలి. కిటికీ వెలుగు అక్కర్లేదు, గేటు దగ్గరే చూపించవచ్చు. ముందు తిడుతుంది. తిట్టనీ. ఎన్నాళ్ళుగానో దాచుకున్న ఆ రాయిని కూడా ఇవాళే ఆమె ముందు పెట్టాలనుకున్నాడు. అడక్కపోయినా చెప్పాలి.

మళ్ళీ రంగు అంటకుండా రబ్బరు తొడుగులు జాగ్రత్తగా తొడుక్కుని, మణికట్ల దగ్గర దారంతో కట్టుకున్నాడు.

"ఏంటి బావా, ఇవాళ పెళ్ళికొడుకులా ముస్తాబు?" అన్నాడు డప్పు.

"అవును. ఇవాళ చేతులు చూపించాలి."

"ఎవరికి?"

"మీ వదినకి."

"ఇన్నేళ్ళూ ఏం చూపించావు మరి?" అని డప్పు తన జోకుకు తనే పడిపడి నవ్వాడు.

మధ్యాహ్నం తర్వాత చిలపలు బరువెక్కాయి. తిరగలి మోత చెవుల నుంచి తలంతా పాకింది. ఆవిరిలో డప్పు ముఖం దగ్గరికి వచ్చి, దూరమై, మళ్ళీ దగ్గరికి వచ్చింది. నీలయ్య కర్ర మెల్లగా దించాడు.

"కాసేపు కూర్చుంటా."

"కూర్చో బావా, నేను చూసుకుంటా. అసలు ఇంటికెళ్ళరాదూ?"

"అది వచ్చేస్తుందిగా." అతను అద్దకం పడని తెల్లనూలు మూటల మీద వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. మెత్తగా ఉంది. "ఒరే, నేను నిద్రపోతే మీ వదినతో ఒక మాట చెప్పు. ఏదీ ఆపక్కర్లేదంట. ఒకటి మారిస్తే చాలంట."

"ఏంటది?"

"దానికి తెలుస్తుందిలే."

డప్పు ఇంకేదో అన్నాడు. నీలయ్య కిటికీ కేసి చూశాడు. సాయంత్రపు ఎండ మూలనున్న తట్ట మీద పడి, అందులోని ఎరుపు గోడ మీద సన్నగా కదులుతోంది. ఛాయ బాగా కుదిరింది అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మోత ఆగిపోయింది.

గేటు దగ్గర కాపలావాడు ఎప్పటిలాగే హాస్యమాడాడు. "ఏం చెల్లెమ్మా, రోజూ ఆ డబ్బాలో మిఠాయి ఆయనకేనా? ఈ అన్నయ్యకి ఎప్పుడైనా పెడతావా?"

"నీకెందుకన్నయ్యా, చేదు మిఠాయి," అంది ఆమె. అందరూ బయటికి వస్తున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఆమెను చూసి ఒకరిద్దరు తల దించుకున్నారు. ఆమె డబ్బా గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది, తర్వాత పరుగెత్తింది.

మూటల మీద అతను కునుకు తీస్తున్న మనిషిలాగే ఉన్నాడు. మేస్త్రీ ఏదో చెబుతున్నాడు, ఆమె వినలేదు. అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మణికట్టు దగ్గర దారం ముడి విప్పింది. తొడుగు లాగింది. రెండోది కూడా లాగింది.

రెండు చేతులూ తెల్లగా ఉన్నాయి.

"పొద్దున ఎర్రగా ఉన్నాయి," అంది ఆమె. ఎవరితోనూ కాదు. "పొద్దున నేను చూశాను. ఎర్రగానే ఉన్నాయి."

బొటనవేలితో అతని అరచేతిని నొక్కింది. మొదటిసారి. నొక్కి వదిలి, ఏదో వస్తుందన్నట్టు ఎదురుచూసింది.

డప్పు గొంతు సరిచేసుకున్నాడు. అంత తక్కువ గొంతుతో వాడు మాట్లాడడం ఆ షెడ్డులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "రోజూ సాయంత్రం అదిగో, ఆ తట్టలో చేతులు పెట్టుకుని కూర్చునేవాడు వదినా. ఎందుకు బావా అంటే, మా ఆవిడకి ఈ రంగంటే ఇష్టంరా అనేవాడు. ఇవాళ పెట్టుకోలేదు. కడిగేసుకున్నాడు." ఆగి, కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకున్నాడు. "నీతో చెప్పమన్నాడు. ఏదీ ఆపక్కర్లేదంట. ఒకటి మారిస్తే చాలంట. అదేంటో నాకు అర్థం కాలేదు."

ఎక్కడో గంట కొట్టింది. వాళ్ళిద్దరూ మాత్ర వేసుకునే వేళ. ఆమె డబ్బా తెరిచింది. ఒక మాత్ర తీసింది. అలవాటుగా చెయ్యి చాచింది, పెట్టేవాళ్ళు లేరు. ఆ మాత్రను అతని తెల్లటి అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒకసారి మూసి, మళ్ళీ తెరిచి, అందులోంచి తీసుకుంది. నీళ్ళు అడగలేదు. గొంతు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. మాత్ర దిగింది.

రెండో మాత్ర డబ్బాలోనే ఉంది.

ఎవరో దారి చేయడానికని మూలనున్న తట్టను ఎత్తి కాలువలో పోయబోయారు. "ఉంచండి," అంది ఆమె, తల తిప్పకుండానే. మళ్ళీ దించేశారు. నీళ్ళు అటూ ఇటూ ఊగి నెమ్మదిగా సర్దుకున్నాయి. కిటికీ కింద, చివరి వెలుగులో, ఆ తట్టనిండా ఆమె అరచేతి రంగు.